మంచుచరియ దారిలో స్కీయింగు

కాశ్మీరమున గుల్మార్గునకు ఎగువ అఫర్వత్ అను కొండ కలదు. తీగపై నడచు గొండోలా బండి మనుష్యులను అచ్చట సుమారు 3,980 మీటర్ల ఎత్తు వరకు చేర్చును. దిగివచ్చునపుడు కొందరు పాదములకు స్కీ పలకలు కట్టుకొని, కావలి గల బాటను విడిచి, కొండ ఒడిలోని గాడివంటి పల్లములను ఎంచుకొందురు. అట్టి గాడికి దిగువన ఇరుప్రక్కల చెట్లుండును; నడుమ మాత్రము ఒక్క మొక్కయైనను ఉండదు. ఎవరో మనకొరకు బాట తీర్చినట్లు తోచును. ఆ చెట్లను పెరికినది ఎవరు? ఏటేట ఆ దారినే దూకు మంచుచరియలు! 2023 ఫిబ్రవరి 1వ తేదీన ఈ కొండపైననే ఇద్దరు పోలెండు దేశపు స్కీయర్లు చరియ క్రింద మరణించిరి.

చరియలు ఎక్కువగా 30 మొదలు 45 డిగ్రీల వాలుపై విరుగును. 25 డిగ్రీలకు తక్కువైనచో రాపిడి మంచును నిలుపును. మరీ నిటారైన గోడలపై మంచు పేరుకొననే పేరుకొనదు. కురిసినది కురిసినట్లు జారిపోవును. చిక్కేమనగా, స్కీయరుకు ఉల్లాసము గొలుపు వాలు సైతము ఆ నడిమిదే. ప్రొట్రాక్టరు కేంద్రమునుండి దారముతో చిన్న రాయిని వ్రేలాడదీసినచో వాలు కొలుచు సాధనము తరగతిలోనే సిద్ధమగును. కొండలలో వాడు క్లైనోమీటరు సూత్రమును ఇదియే.

వాలు ఒక్కటియే చాలదు. పైకి ఒకే పరుపువలె కనబడు మంచు లోపల పొరలు పొరలుగా నుండును. శీతకాలారంభమున పడిన పలుచని మంచును గమనింతము. నేలను తాకిన అడుగుభాగము ఇంచుమించు 0 డిగ్రీల సెంటీగ్రేడు. పైభాగము రాత్రి చలికి మైనస్ 15కు దిగవచ్చును. 10 సెంటీమీటర్ల మందమునకు 1 డిగ్రీని మించిన తేడా ఉన్నచో అడుగునుండి నీటియావిరి పైకి పోవుచు, దారిలోని కణములపై మరల గడ్డకట్టును. క్రమముగా అంచులు తేలిన పెద్ద స్ఫటికములు ఏర్పడును. పిడికిట పట్టినచో ఇవి ఉండ కట్టవు, పంచదారవలె రాలిపోవును. తరువాత గాలి తెచ్చి కుక్కిన మంచు దీనిపై గట్టిపలకగా పేరుకొనును. పంచదారపై రాతిపలకను ఏటవాలుగా పరచి, దానిపై ఎక్కి నిలుచుటకు ఎవరు సాహసింతురు? స్కీయరు చేయునది అదియే. అతని బరువునకు అడుగుపొర ఒకచోట కుంగును; ఆ కుంగుబాటు క్షణములో వాలంతయు ప్రాకును; పైపలక పగిలి కదలును. ప్రమాదమున చిక్కిన స్కీయర్లలో నూటికి సుమారు 90 మంది విషయమున చరియను కదిపినది వారో, వారి తోడివారో!

గాడిలో తప్పుకొనుటకు ప్రక్కదారి లేదు. విశాలమైన వాలుపై పలుచగా పరచుకొను మంచు ఇచ్చట ఇరుకున లోతుగా కుప్పపడును. కప్పబడినవాడు తాను విడిచిన ఊపిరినే మరల పీల్చవలసి వచ్చును. 10 నిమిషములలో వెలికితీసినచో పదుగురిలో తొమ్మండుగురు బ్రతుకుదురు. అరగంట అగుసరికి ముగ్గురే. ఊరినుండి సహాయము అంతలో రాజాలదు. కాబట్టి ప్రతివారును 457 కిలోహెర్ట్జుల రేడియో సంకేతము నిచ్చు పరికరము, గ్రుచ్చి వెదకు పొడవాటి కడ్డీ, పార వెంట నుంచుకొందురు. గాడిలోనికి ఒక్కొక్కరే దిగుదురు, తక్కినవారు చరియకు అందని చోట నిలిచి అతనిపైననే చూపు నిలుపుదురు.