కొల్లేటిపై నొక యుదయము

ఫాల్గుణమున మన దాచేపల్లి చేలలో మిరపకల్లములు ఎఱ్ఱగా పఱచుకొనును. నాగులేరు సన్నగిల్లి ఱాళ్లు బయల్పడును. అట్టి దినములలో మేము కొందఱము గుంటూరు, విజయవాడల మీదుగా కైకలూరు చేరి, తెల్లవాఱుజామున ఆటపాక యొద్ద దోనె యెక్కితిమి. కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి దీనిలో పడును. మిగులునీటిని ఉప్పుటేరు సముద్రమునకు గొనిపోవును.

దోనె కదలగనే మాలో నొకరు సంతోషము పట్టలేక కేక వేసిరి. దోనెవాడు గడ నిలిపి, "అయ్యగారూ, చప్పుడు చేయకండి. తల్లి లేచిందంటే కాకి దిగుతుంది" అని మందలించెను. ఎదుట, నీటిలో పాతిన యినుపమంచెలపై గూడబాతులు పిల్లలతో నుండెను. తల్లి బెదరి యెగిరినచో గ్రుడ్లు కాకుల పాలగును. ఈకలు రాని పిల్లలు ఎండకు సొమ్మసిల్లును. మాకు సిగ్గయ్యెను. అటుపై నెవ్వరమును నోరు మెదపలేదు.

పూర్వము ఈ పక్షులు ఆరేడు గ్రామమందలి చెట్లపై గూళ్లు కట్టెడివి. కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు 1946లో వానిని గుర్తించి, వానిని గూర్చి వ్రాసెను. తరువాత నవి ఆ యూరు విడిచిపోయినవి. నేటి మంచెలు చెట్లకు బదులుగా నిలిపినవి.

మౌనముగా చూడగా మాకొక సంగతి బోధపడెను. కొల్లేరు విశాలమైనదే గాని, పెక్కుచోట్ల నడుములోతు మించదు. ఎండ అడుగువఱకు సోకుటచే నాచు, తుంగ పెరుగును. వాని నాశ్రయించి పురుగులును చేపలును, వానికై పక్షులును వచ్చును. కొంగ గట్టుచెంత నిలిచి పొడుచును. నీటికాకి మునిగి తఱుమును. గూడబాతు తేలుచునే ముక్కుక్రింది సంచిని వలవలె ముంచి చేపల నెత్తును. వేట వేఱగుటచే ఒక్క నీటనే అన్నియు బ్రతుకుచున్నవి.

ఆ లోతులేమియే సరస్సునకు ఆపదయు దెచ్చినది. లోతులేని నీటికి గట్టు వేయుట సులభము గదా! 1999లో అభయారణ్యమైనను, 2002లో రామ్‌సార్ పట్టికలో చేరినను, చేపలచెరువులు లోనికి చొచ్చుకొనివచ్చినవి. 2006లో ప్రభుత్వము వాని గట్లను తెగగొట్టించెను. అయినను కొల్లేటినే నమ్ముకొన్న కుటుంబముల బ్రతుకుతెరువును, పక్షుల బ్రతుకును ఒక్కచో నిలుపుట నేటికిని కష్టసాధ్యముగనే యున్నది.

విద్యార్థులారా! సెలవులలో నాగులేటి మడుగు చెంత పది నిమిషములు చప్పుడు చేయక కూర్చుండుడు. చూచినది వ్రాసికొనుడు. గూడు కనబడినచో దూరముననే నిలువుడు. దోనెవాడు మాకు నేర్పిన పాఠ మదియే.