కుడి కప్పు ఎటు తిప్పాలి?

రెజ్యూమెలో ‘ప్రాక్టికల్ నాలెడ్జ్’ అని రాస్తాం. ‘చివరిసారి మీ చేతులతో ఏం విప్పారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం నీళ్లు నములుతాం. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు మీ ఇంట్లో తాతగారి హీరోనో, అట్లాసో గోడకి ఆనించి ఉందా? ఈ ఆదివారం దాని బాటమ్ బ్రాకెట్ విప్పండి. రెండు క్రాంకుల్నీ కలిపే ఇరుసు, దాని కప్పులు, గుండ్లు ఉండే చోటు అది. సూర్యలంక ఉప్పుగాలికీ కాలవగట్టు బురదకీ లోపలి గ్రీజు ఎప్పుడో గట్టిపడి ఉంటుంది.

ముందు కాటర్ పిన్నులు తియ్యాలి. నట్టు మొత్తం తీసేసి కొట్టారా, పిన్ను మర నలిగిపోతుంది. నట్టుని పిన్ను కొసకి సమానంగా వచ్చేదాకా వదులు చేసి, క్రాంకు కింద ఇనుపగొట్టం ఆన్చి ఒకే గట్టి దెబ్బ వెయ్యండి. ఎడమవైపు లాక్‌రింగు, కప్పు మామూలుగానే ఊడతాయి. కింద పళ్లెం పెట్టండి, లేకపోతే గుండ్లు మంచం కిందకి పరిగెడతాయి! సాధారణంగా పావు అంగుళం గుండ్లు, వైపుకి 11 ఉంటాయి.

చిక్కంతా చైనువైపు కప్పుతోనే. దానిది ఎడమ మర. అలవాటుగా తిప్పితే ఇంకా బిగుస్తుంది, స్పానర్ జారి చెయ్యి చీరుకుంటుంది. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. నిజానికి దాన్ని తియ్యక్కర్లేదు. కిరోసిన్ గుడ్డతో తుడిచి, టార్చి వేసి గుంటలు పడ్డాయేమో చూస్తే చాలు.

ఎడమ మర ఎందుకు? మెకానికల్ వాళ్లని అడగదగ్గ ప్రశ్నే. పిడికిట్లో పెన్సిల్ని వదులుగా పట్టుకుని, దాని కొసని గుండ్రంగా తిప్పి చూడండి. పెన్సిల్ తనంతట తాను ఎదురు దిశలో తిరుగుతుంది. తొక్కుతున్నప్పుడు కప్పు కూడా అలాగే క్రాంకుకి ఎదురుగా జరగబోతుంది. మామూలు మరైతే ఊడిపోతుంది, ఎడమ మర కాబట్టి బిగుస్తుంది. దీని పేరు ప్రెసెషన్. ఎడమ పెడల్‌కి ఎడమ మర పెట్టిందీ ఇందుకే.

బిగించేటప్పుడు కొత్త గుండ్లు, కొత్త గ్రీజు వెయ్యండి. ఇరుసు పొడుగు కొస చైనువైపు రావాలి. ఊగకుండా, పట్టెయ్యకుండా తిరిగేలా ఎడమ కప్పుని సరిచూసి, అది కదలకుండా పట్టుకుని లాక్‌రింగు బిగించాలి. కాటర్లు రెండూ ఒకదానికొకటి ఎదురు దిశల్లో దిగాలి, లేదంటే క్రాంకులు ఒక గీతలోకి రావు. కప్పు మార్చాల్సొస్తే పాతది షాపుకి పట్టుకెళ్లండి: మామూలు కప్పులకి అంగుళానికి 24 మరలు, పాత ర్యాలీకి 26. నాలుగైదు కిలోమీటర్లు తొక్కాక కాటర్ నట్లు మరోసారి బిగించండి.