నెలల తరబడి నిలిచే కారుకు కటాఫ్ స్విచ్ మేలు
కొనేముందు చూసుకోవలసిన సంగతులు

సంక్రాంతికి ఊరు వచ్చిన కొడుకు సెలవు ముగియగానే కారును ఇంటి పక్క పాకలో ఉంచి వెళ్లిపోతాడు. రెండు నెలల తరువాత ఏ అర్ధరాత్రో ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగుండక పట్నం ఆసుపత్రికి బయలుదేరవలసి వస్తుంది. తాళం తిప్పితే టకటకమని చప్పుడు తప్ప ఇంజను కదలదు. ఆ వేళప్పుడు ఆటో కోసం ఊరంతా పరుగులు పెట్టాలి. తీరా చూస్తే కారులో లోపమేమీ లేదు. బ్యాటరీ దిగిపోయింది, అంతే.

ఈ ఇబ్బందిని చాలావరకు తప్పించే చిన్న పరికరమే బ్యాటరీ కటాఫ్ స్విచ్. అయితే చౌకగా దొరికిందని చేతికందినది బిగిస్తే కొత్త ఇబ్బందిని కొని తెచ్చుకున్నట్లే.

నిలిపి ఉంచినా ఖర్చే

తాళం తీసినంత మాత్రాన కారులో కరెంటు వాడకం పూర్తిగా ఆగదు. గడియారం, దొంగల అలారం, ఇంజను కంప్యూటరు కొద్దికొద్దిగా లాగుతూనే ఉంటాయి. ఇది 50 మిల్లీ యాంపియర్లు అనుకుంటే రోజుకు 1.2 యాంపియర్ అవర్లు ఖర్చవుతాయి. చిన్న కార్లలో ఉండే 35 యాంపియర్ అవర్ల బ్యాటరీ ఆ లెక్కన నెల రోజుల్లో ఖాళీ అవుతుంది. అంతకు ఎంతో ముందే సెల్ఫ్ అందుకోవడం మానేస్తుంది.

దిగిన బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. తరువాత ఎంత చార్జి చేసినా పూర్వపు శక్తి రాదు. పల్లెల్లో ఎలుకల బెడద కూడా ఉంది. అవి వైర్ల పైపొర కొరికితే రాగి తీగ బాడీకి తగిలి షార్టయి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. స్విచ్ ఆపి ఉంచితే ఆ వైర్లకు కరెంటే అందదు.

ధర కాదు, యాంపియర్లు చూడాలి

ఇంజను తిప్పే క్షణంలో చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ మోటారు 100 యాంపియర్లకు పైగా లాగుతుంది. డీజిలు బండికి అంతకు రెండు మూడు రెట్లు కావాలి. ఆ కరెంటంతా స్విచ్ గుండానే పోవాలి. అందుచేత స్విచ్ ఎడతెగకుండా ఎన్ని యాంపియర్లు మోస్తుందో, కొద్ది సెకన్ల పాటు ఎన్ని మోస్తుందో రెండూ అడిగి తెలుసుకోవాలి.

స్విచ్ లోపలి అతుకు సరిగా లేక ఓంలో నూరో వంతు అడ్డు ఏర్పడినా 150 యాంపియర్ల వద్ద ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది. 12 వోల్టుల బ్యాటరీకి ఇది చిన్న నష్టం కాదు. సెల్ఫ్ కొట్టిన వెంటనే స్విచ్ ముట్టుకుంటే వేడిగా ఉందంటే అతుకు వదులైందని గానీ, స్విచ్ చాలడం లేదని గానీ అర్థం.

మూడు రకాలు

బ్యాటరీ పోస్టుకే బిగించి మర తిప్పేది ఒక రకం. కత్తి మాదిరి పలకను పైకెత్తితే కరెంటు తెగేది రెండోది. ప్రత్యేకమైన తాళం పెట్టి తిప్పేది మూడోది. మొదటి రెండింటికి కొత్త వైరు అవసరం ఉండదు. మూడోదానికి లావుపాటి వైరు కోసి అమర్చాలి కనుక పని తెలిసిన ఎలక్ట్రీషియనే చేయాలి. బ్యాటరీ పోస్టులన్నీ ఒకే లావు ఉండవు కాబట్టి కొలత తీసుకొని కొనాలి. బిగించాక బానెట్ మూసినప్పుడు స్విచ్ తగలకుండా చూసుకోవాలి.

మైనస్ వైపే బిగించాలి

మన కార్లలో మైనస్ వైరు బాడీకి కలిసి ఉంటుంది. ప్లస్ మీద పని చేస్తుండగా స్పానరు బాడీకి తగిలితే పెద్ద మెరుపు వస్తుంది. అందుకే స్విచ్‌ను మైనస్ వైపు పెట్టడం క్షేమం. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. టెర్మినల్ మీద చిలుము ఉంటే గీకి శుభ్రం చేయాలి.

ఇంజను నడుస్తుండగా స్విచ్ ఎన్నడూ ఆపరాదు. బ్యాటరీ ఆసరా పోవడంతో ఆల్టర్నేటర్ వోల్టేజి ఒక్కసారిగా పెరిగి దానిలోని డయోడ్లు, కారు కంప్యూటరు దెబ్బతినవచ్చు. పాత డీజిలు ట్రాక్టరుకు ఈ స్విచ్ పెట్టుకున్నవారు మరో సంగతి గమనించాలి. దీన్ని ఆపినంత మాత్రాన ఇంజను ఆగదు. ఎప్పటిలా స్టాప్ లాగవలసిందే.

కొత్త కార్లలో కొన్నింటికి మైనస్ టెర్మినల్ మీదే సెన్సారు ఉంటుంది. అటువంటి వాటికి సర్వీసు కేంద్రంలో అడిగిన తరువాతే స్విచ్ పెట్టించాలి. స్విచ్ ఆపితే రిమోటుతో తలుపులు తెరుచుకోవు, దొంగల అలారం మోగదు. కాబట్టి అసలు తాళంచెవి దగ్గర ఉంచుకోవాలి.

అందరికీ అవసరం లేదు

రోజూ తిరిగే కారుకు ఈ స్విచ్‌తో పని లేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లే నిలిపేవారికి స్పానరుతో మైనస్ వైరు విప్పి పక్కన పెట్టినా సరిపోతుంది. తరచు నిలిపేవారికే స్విచ్ సుఖం. స్విచ్ ఆపినా బ్యాటరీ తనంతట తాను కొంత దిగుతుంది, ఎండాకాలంలో మరికొంత ఎక్కువ. కనుక నెలా రెండు నెలలకోసారి చార్జి చేయించాలి.

అన్నిటికంటే ముఖ్యం, స్విచ్ ఎక్కడ ఉందో, ఎటు తిప్పాలో ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ చూపించి ఉంచడం. అమర్చిన కొడుకు ఒక్కడికే తెలిసిన స్విచ్ అర్ధరాత్రి ఆపదలో అక్కరకు రాదు.