వెయ్యి యెన్‌ల గోడ ముందు ఒక రామెన్ గిన్నె

జోరున వర్షం కురుస్తున్న రాత్రి. ఓ పెద్ద లారీ వచ్చి, వీధి చివరనున్న చిన్న హోటలు ముందు ఆగుతుంది. తలమీద కౌబాయ్ టోపీతో హీరో దిగుతాడు. లోపల ఒక వితంతువు, బడికెళ్ళే ఆమె కొడుకు, తాగి వాగుతున్న నలుగురైదుగురు రౌడీలు! మాటా మాటా పెరుగుతుంది. ‘బయటికి రా, తేల్చుకుందాం’ అంటారు. ఫైటు! తెల్లారి కళ్ళు తెరిచేసరికి హీరోగారు ఒళ్ళంతా దెబ్బలతో ఆ ఇల్లాలి ఇంట్లోనే పడుకుని ఉంటాడు.

ఇదేదో మన కృష్ణగారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) బాపతు పిక్చరు కాబోలు అనుకుంటున్నారా? అయితే పప్పులో కాలేశారన్నమాటే! ఈ హీరో నిధి కోసం రాలేదు, పగ తీర్చుకోవడానికీ రాలేదు. ‘నా వంట ఎలా ఉంది?’ అని ఆమె అడిగితే ‘బాగాలేదు’ అని మొహం మీదే చెప్తాడు. అయితే నేర్పమని ఆమె పట్టుబడుతుంది. ఇక అక్కడినుంచి రెండు గంటల సినిమా అంతా ఒక్క గిన్నెడు నూడుల్స్ చుట్టూనే తిరుగుతుంది. చివర్లో హీరో లారీ ఎక్కి వెళ్ళిపోతాడు. ప్రేమ యుగళగీతం లేదు, పెళ్ళి అసలే లేదు!

అదే 1985లో వచ్చిన జపాన్ చిత్రం ‘టాంపోపో’. ఆ మాటకు డాండిలయన్ పువ్వు అని అర్థం, కథానాయిక పేరు కూడా అదే. దర్శకుడు జూజో ఇటామి. నాయిక వేసింది ఆయన శ్రీమతి నొబుకో మియమోటో, లారీ డ్రైవరు గోరో పాత్రధారి త్సుటోము యమజాకి. లారీలో పక్క సీటు కుర్రాడు ఎవరనుకున్నారు? తర్వాత ‘ది లాస్ట్ సమురాయ్’ (2003)తో ప్రపంచానికి పరిచయమైన కెన్ వతనబె! తెల్ల సూటు గ్యాంగ్‌స్టరు వేషం వేసిన కోజి యకుషో, 2023లో కాన్స్‌లో ఉత్తమ నటుడి బహుమతి అందుకున్నాడు. ఇటలీవాళ్ళు తీసిన కౌబాయ్ సినిమాలను లోకం ‘స్పాగెట్టి వెస్టర్న్’ అంటే, ఇటామి తన చిత్రాన్ని ‘రామెన్ వెస్టర్న్’ అని ప్రచారం చేసుకున్నాడు. చెప్పొద్దూ, తిండి మీద ఇంతకన్న రుచిగా తీసిన పిక్చరు ఈ వ్యాసకర్త ఇంతవరకు చూడలేదు.

అందులో ఒక ముసలి గురువుగారు కుర్రవాడికి రామెన్ తినడం నేర్పే సీనొకటి ఉంది. ముందు గిన్నెను కళ్ళారా చూడాలట. ఆవిరి పీల్చాలట. పుల్లలతో పైపైన సుతారంగా నిమరాలట. మాంసం ముక్కను మెల్లగా పక్కకు జరిపి ‘మళ్ళీ కలుద్దాం’ అని లోలోపల చెప్పుకోవాలట! హాస్యమే కానీ వెక్కిరింత కాదు. జపాన్‌లో ఆ గిన్నె ముందు కూర్చున్న మనిషిని చూస్తే, ఆ ముసలాయన మరీ అంత అతిశయోక్తి చేయలేదని తెలుస్తుంది.

అసలు ఊరు ఏది?

తమాషా ఏమిటంటే, జపానువాళ్ళు ఇంత ఆరాధించే ఈ వంటకం వాళ్ళది కాదు! చైనా నుంచి వచ్చింది. టోక్యోలో అసకుసా అనే పేట ఉంది. నాటకశాలలకూ తొలినాటి సినిమా హాళ్ళకూ పెట్టింది పేరు. 1910లో అక్కడ ‘రైరైకెన్’ అనే హోటలు పెట్టిన ఒజాకి కన్ ఇచి, యొకొహామాలోని చైనా పేట నుంచి వంటవాళ్ళను రప్పించాడు. సినిమాకు వచ్చిన జనం ఆటకు ముందో తర్వాతో వేడివేడిగా ఒక గిన్నె తాగి వెళ్ళేవారన్నమాట. అంటే రామెన్‌కూ సినిమాకూ బంధుత్వం ఈనాటిది కాదు!

అప్పట్లో దీన్ని ‘షీనా సోబా’ అనేవారు, అంటే చైనా నూడుల్స్ అని. యుద్ధం తర్వాత ‘షీనా’ అన్న మాట చైనావాళ్ళను కించపరిచేదని వదిలేసి ‘చూకా సోబా’ అన్నారు. 1958లో మొమొఫుకు ఆండో అనే ఆయన వేడినీళ్ళు పోస్తే చాలు తయారయ్యే ‘చికెన్ రామెన్’ పాకెట్ మార్కెట్లోకి వదిలాక, రామెన్ అన్న పేరే స్థిరపడింది. మన పిల్లలు స్కూలు నుంచి వచ్చి రెండు నిమిషాల్లో చేసుకుతినే నూడుల్స్‌కు ఈయనే తాతగారు.

కానీ రామెన్‌ను బీదవాడి తిండిగా నిలబెట్టింది యుద్ధమే. 1945లో జపాన్ ఓడిపోయింది. బియ్యం కరువు. అమెరికా నుంచి గోధుమలు దిగాయి. చైనా నుంచి తిరిగొచ్చినవాళ్ళకు అక్కడి వంట తెలుసు, చేతిలో పని లేదు. అలా తోపుడు బళ్ళు బయల్దేరాయి. బండివాడు ‘చరుమెరా’ అనే బూర ఊదుతూ వీధుల్లో తిరిగేవాడు. మన నాదస్వరానికి ఏ చిన్న తమ్ముడో అనుకోండి! అర్ధరాత్రి ఆ బూర వినపడితే చాలు, డ్యూటీ దిగినవాళ్ళు గుమిగూడేవారట.

ఇక రకాల మాటకొస్తే, సోయా సాసుతో చేసేది, ఉత్త ఉప్పుతో చేసేది, మీసో ముద్దతో చేసేది, పంది ఎముకలను గంటలకొద్దీ మరిగించి పాలలా తెల్లగా దించేది అని నాలుగు పెద్ద శాఖలు చెప్తారు. మీసో అంటే ఉత్తరాన సప్పోరో, పంది ఎముకల సూపంటే దక్షిణాన హకాతా. నెల్లూరు చేపల పులుసు, గోదావరి పులస అని మనం పోట్లాడుకోమూ? అలాగే వాళ్ళూ!

టికెట్ కొనందే తిండి లేదు

టోక్యో తూర్పు భాగంలో నిషి కసాయ్ అనే పేట ఉంది. 2000 ప్రాంతం నుంచి మన కంప్యూటరు ఇంజనీర్లు అక్కడ గూళ్ళు కట్టుకున్నారు. తెలుగు మాట వినపడడం అక్కడ వింతేమీ కాదు. నన్ను రామెన్‌కు తీసుకెళ్ళినవాడు అక్కడుండే మా గుంటూరు కుర్రాడే. ‘అన్నా, క్యూలుండే పెద్ద షాపులు టూరిస్టులకు. మనం మా సందులో ముసలాయన కొట్టుకు పోదాం’ అన్నాడు.

మనకు కాకా హోటలు ఎలాగో వాళ్ళకు ఇది అలాగ. గుమ్మానికి వేలాడే పొట్టి గుడ్డ తెర తప్పించుకుని, తల వంచి లోపలికి వెళ్ళాలి. ఆ తెరను ‘నోరెన్’ అంటారు. అది బయట వేలాడుతుంటే కొట్టు తెరిచినట్టు, లోపలికి తీసేస్తే ఆ పూటకు మూసినట్టు. సూపు అయిపోతే ఏడు గంటలకైనా సరే తీసేస్తారు. ‘ఇంకో నాలుగు చెంబులు నీళ్ళు పోయవయ్యా’ అంటే ఒప్పుకోరు!

లోపల ఒకే ఒక్క బల్ల, తొమ్మిది స్టూళ్ళు. ముందు గుమ్మం పక్కనున్న మిషనులో డబ్బులేసి మీట నొక్కితే చీటీ వస్తుంది. ఆ చీటీ బల్లమీద పెట్టడమే మనం చేయాల్సిన సంభాషణంతా. టిప్పు ఇవ్వబోతే తీసుకోరు. మంచినీళ్ళు మనమే పట్టుకోవాలి. సోయా సాసు రామెన్ 750 యెన్లు, కోడిగుడ్డు కావాలంటే ఇంకో 100.

ఆ తర్వాత చూడాలి తమాషా! ముసలాయన ముందుగా ఖాళీ గిన్నె అడుగున చిన్న గరిటెడు నల్లని సాసు పోశాడు. దాన్ని ‘తారె’ అంటారు. హోటలు గుట్టంతా అందులోనే ఉంటుంది. సూపులో ఉప్పు ఉండదు, ఉప్పూ కారమూ ఈ తారెదే. దానిమీద చెంచాడు సువాసన నూనె. ఆ పైన కోడి ఎముకలు, ఎండు చేపలు, సముద్రపు నాచు వేసి పొద్దుటినుంచి మరిగించిన సూపు. ఈలోగా రెండో పొయ్యిమీద నూడుల్స్ ఉడుకుతున్నాయి. పిండిలో ‘కన్సుయ్’ అనే క్షారజలం కలుపుతారు, ఆ పసుపు రంగూ, పంటికింద సాగే గుణమూ దానివల్లే. టంగుమని గంట మోగగానే బుట్టను పైకెత్తి చేతిని ఒక్క విసురు విసిరాడు. నీళ్ళన్నీ ఫట్టున నేలమీద! మళ్ళీ ఒక విసురు. డెబ్బయ్యేళ్ళు పైబడ్డ మనిషి మణికట్టులో ఆ జోరు చూసి నాకు తబలా వాయించేవాళ్ళు గుర్తొచ్చారు. ఆఖరున ఉల్లికాడలు, వెదురు చిగుళ్ళు, మాంసం ముక్కలు, నల్లని నాచు కాగితం. పక్కనున్న ఆయన భార్య గిన్నెను రెండు చేతులతో అందించింది.

అప్పుడు మొదలైంది సంగీతం... జుర్ర్ర్! అవునండీ, జుర్రుకోవడమే! ఇంట్లో చేస్తే మొట్టికాయ పడే పని అక్కడ మర్యాద. అలా గాలితో కలిపి లాగితే వేడి తగ్గుతుంది, వాసన ముక్కుకెక్కుతుంది. ‘టాంపోపో’లో ఆడపిల్లలకు చప్పుడు కాకుండా స్పాగెట్టి తినడం నేర్పుతుంటే, పక్క బల్ల దగ్గర తెల్లదొర ఒకాయన హాయిగా జుర్రుతాడు. క్లాసంతా ఆయన్నే అనుసరిస్తుంది! మా కుర్రాడు నన్ను మోచేత్తో పొడిచి ‘మాట్లాడకన్నా, నానిపోతాయి’ అన్నాడు. నిజమే. పది నిమిషాలు దాటితే నూడుల్స్ ఉబ్బి పాడైపోతాయి. కబుర్లకు ఇది చోటు కాదు. తిని, గిన్నె బల్లపైకెత్తి పెట్టి, ‘గొచిసోసమ’ అని చెప్పి లేవాలి. మంచి భోజనం పెట్టారు, కృతజ్ఞతలు అన్నట్టు.

రుచి సంగతా? మొదటి గుక్కలో కొంచెం ఉప్పెక్కువ అనిపించింది. మూడో గుక్కకు మా అమ్మమ్మ జలుబు చేసినప్పుడు కాచే మిరియాల చారు జ్ఞాపకం వచ్చింది. కారం ఏమాత్రం లేదు సుమా! అయినా గొంతు దిగుతుంటే అదే హాయి.

శాకాహారులైన పాఠకులు మాత్రం ఒక్క ముక్క గుర్తుంచుకోవాలి. ‘మాంసం ముక్కలు తీసేయండి, సరిపోతుంది’ అంటే సరిపోదు! సూపే ఎముకలది, తారెలో చేప ఉండవచ్చు. ఇలాంటి సందు కొట్లలో ప్రత్యేకంగా చేయరు, చేయలేరు కూడా. టోక్యో స్టేషన్ లాంటి చోట్ల మాంసం, చేప తగలని రామెన్ వండే హోటళ్ళు ఇప్పుడు వచ్చాయి. వెతుక్కుని అక్కడికే వెళ్ళడం మేలు.

గోడకు అవతల

యసుజిరో ఓజు పేరు వినే ఉంటారు. ఆయన చివరి చిత్రం ‘యాన్ ఆటమ్ ఆఫ్టర్నూన్’ (1962)లో ఇలాంటి హోటలే ఒకటుంది. ఒకప్పుడు బళ్ళో గడగడలాడించిన మాస్టారు, ముసలితనంలో పెళ్ళికాని కూతురితో కలిసి నూడుల్స్ కొట్టు నడుపుకుంటుంటాడు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్న పాత శిష్యులు ఆ స్థితి చూసి నొచ్చుకుంటారు. కథానాయకుడు చిషు ర్యూ తన కూతురికి పెళ్ళి చేసి తీరాలని నిశ్చయించుకోవడానికి ఆ కొట్టు దృశ్యమూ ఒక కారణమే. అంటే ఆనాటికి రామెన్ కొట్టంటే చితికిన బ్రతుకు! నలభై అయిదేళ్ళు తిరిగాక, ‘ది రామెన్ గర్ల్’ (2008)లో అమెరికన్ తార బ్రిటనీ మర్ఫీ ఈ విద్య కోసం టోక్యోలో ఒక మొండి గురువు దగ్గర గిన్నెలు తోముతుంది. ఆ పిక్చర్లో పెద్ద గురువుగా కనిపించేది ఎవరో కాదు, ‘టాంపోపో’ హీరో యమజాకీయే! 2015 చివర్లో టోక్యోలోని ఒక రామెన్ షాపుకు మిచెలిన్ స్టారు కూడా దక్కింది. ఇలాంటి కొట్టుకు ఆ గౌరవం రావడం అదే మొదలు.

ఇంత పేరొచ్చినా సందులోని ముసలాయనకు ఒరిగిందేమిటి? అదే అడగాల్సిన ప్రశ్న. రామెన్ ధర వెయ్యి యెన్లు దాటకూడదని అక్కడి జనం మనసులో గట్టి అభిప్రాయం ఉంది. దానికి ‘వెయ్యి యెన్‌ల గోడ’ అని పేరు కూడా పెట్టారు. మన లెక్కలో సుమారు 600 రూపాయలు. 2022 నుంచి గోధుమపిండి, పంది మాంసం, కరెంటు, గ్యాసు అన్నీ మండిపోయాయి, యెన్ విలువ పడిపోయింది. స్టార్ హోటళ్ళు 1,500 అన్నా టూరిస్టులు కిక్కురుమనకుండా ఇస్తారు. ముసలాయన 50 పెంచితే, ముప్ఫయ్యేళ్ళుగా వచ్చే పక్కింటి రిటైరైన పెద్దమనిషి వారానికి మూడుసార్లు కాకుండా ఒక్కసారే వస్తాడు! 2024లో రామెన్ వ్యాపారాల దివాలాలు అంతకుముందెన్నడూ లేనంత పెరిగాయి. దివాలా తీయకుండా నిశ్శబ్దంగా తెర లోపలికి తీసేసిన ముసలివాళ్ళ లెక్క అందులో ఉండదు. ‘పిల్లలు లేరా?’ అని మా కుర్రాడిచేత అడిగించాను. కొడుకు ఒసాకాలో ఉద్యోగమట. మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ నవ్వేశారు, అంతకుమించి ఏమీ చెప్పలేదు.

సినిమావాళ్ళకు మాత్రం ఈ కొట్ల మీద మమకారం పోలేదు. ఒంటరిగా తిరిగి సందు హోటళ్ళలో భోంచేసే సేల్స్‌మన్ కథ ‘కొదొకు నో గురుమె’ 2012 నుంచి టీవీలో సీజన్లకు సీజన్లు నడిచింది. నటుడు యుతాక మత్సుషిగే తనే దర్శకుడై దాన్ని పెద్ద సినిమాగా తీస్తే 2025 జనవరిలో జపాన్‌లో విడుదలైంది. ఒక సూపు కోసం దేశాలు తిరిగే కథ. అందులోనూ రామెన్ కొట్టు ఉంది, అందులోనూ హీరో పేరు గోరోనే!

లేవబోతుంటే, మేం తెలుగువాళ్ళమని విని ముసలామె ‘ఆర్ఆర్ఆర్’ అంది రెండు చేతులూ ఊపుతూ. 2022 అక్టోబరులో అక్కడ విడుదలై, 1998 నాటి రజనీకాంత్ ‘ముత్తు’ రికార్డును దాటేసిన పిక్చరు మరి! నాటు నాటు స్టెప్పు బల్లకు అవతలి వైపు రెండడుగుల జాగాలో సాధ్యం కాక చేతులతోనే సరిపెట్టింది.

ఇంకో సంగతి. మీవాళ్ళెవరైనా టోక్యో వెళ్తుంటే జేబులో చిల్లర నాణేలు ఉంచుకోమనండి. 2024 జూలైలో జపాన్ కొత్త నోట్లు వచ్చాయి. ఇలాంటి కొట్లలో పాత టికెట్ మిషన్లు కొన్ని ఆ వెయ్యి నోటును మింగవు. కొత్త మిషను లక్షల యెన్ల మాట, ముసలాయన కొనలేదు. కొత్త నోటు పెడితే నాలిక చాపినట్టు బయటికి తోసేస్తుంది. అప్పుడు ఆయనే పొయ్యి దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, గల్లాపెట్టెలోంచి పాత నోటు తీసి మార్చి ఇస్తాడు. ఈలోగా నూడుల్స్ గంట మోగుతుంటుంది.