ఎజైల్ దృక్పథం: వాడేవారి మాట వినడం

సాఫ్ట్‌వేర్ రంగంలో 'ఎజైల్' అనే మాట మీరు తరచుగా వింటుంటారు. ఎజైల్ అంటే చురుకైనది అని అర్థం. చురుకుదనం అంటే హడావిడిగా పని ముగించడమా? కాదు. ఈ పాఠంలో ఆ తేడా ఏమిటో తెలుసుకుందాం.

పూర్వం చాలా ప్రాజెక్టుల్లో అవసరాలన్నీ ముందే రాసుకొని, డిజైన్, కోడింగ్, పరీక్ష వరుసగా పూర్తిచేసి, చివరికి వినియోగదారుడికి అందించేవారు. పొరపాటు ఉంటే అది చివరిలోగాని బయటపడేది కాదు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది నిపుణులు సమావేశమై ఎజైల్ మేనిఫెస్టోను రూపొందించారు. పనిచేసే సాఫ్ట్‌వేర్‌ను కొద్దికొద్దిగా అందించాలి. వాడేవారి అనుభవాన్ని బట్టి మార్చుకుంటూ పోవాలి. ఇదే దాని సారాంశం.

ఇప్పుడు ఢిల్లీ నుంచి ఒక ఉదాహరణ చూద్దాం. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ కోవిడ్ టీకాల కోసం 'కోవిన్' పోర్టల్‌ను నడిపింది. 2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో టీకాలు మొదలయ్యాయి. ఏప్రిల్ 28న 18 ఏళ్లు నిండినవారికి నమోదు ప్రారంభం కాగానే, ఒక్క రోజులోనే కోటి మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు.

అంతలో ఒక లోపం బయటపడింది. సమయం బుక్ చేసుకొని కేంద్రానికి వెళ్లని కొందరికి కూడా టీకా వేసినట్లు సందేశాలు వచ్చాయి! కేంద్రంలో పొరపాటున అలా నమోదు చేయడమే ఇందుకు కారణం. మే 8 నుంచి ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నవారికి నాలుగంకెల కోడ్ ఇచ్చారు. ఆ కోడ్ నమోదు చేస్తేనే టీకా వేసినట్లు లెక్క. చూశారా? పోర్టల్‌ను ఆపలేదు, మొదటినుంచి తిరగరాయలేదు. ఒక చిన్న మార్పు చేశారు.

అయితే ఇంటర్నెట్ లేనివారి సంగతేమిటి? ఇంగ్లీషు రానివారి సంగతేమిటి? 18-44 ఏళ్లవారు ప్రభుత్వ కేంద్రానికే వచ్చి పేరు నమోదు చేసుకొనే వీలు మే 24న కల్పించారు. తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో పోర్టల్ జూన్‌లో వచ్చింది. టీకా కోసం ఎదురుచూసేవారికి ఒక్కొక్క వారమూ విలువైనదే కదా!

ఇక్కడే అసలు పాఠం ఉంది. పోర్టల్ వాడగలిగినవారు దానిలోని లోపాన్ని చెప్పగలరు. వాడలేనివారి ఫిర్యాదు తెరమీద కనిపించదు. వారిని బృందమే వెతుక్కుంటూ వెళ్లాలి. వారానికో మార్పు చేసినంత మాత్రాన ఎజైల్ కాదు. ఎవరి మాట విని మార్చామన్నది ముఖ్యం.

మీ కళాశాల ప్రాజెక్టులోనూ ఇలా చేసి చూడండి. రెండు వారాలకొకసారి చేసినంతవరకు చూపించండి. మీ స్నేహితులకే కాదు, కంప్యూటర్ అలవాటు లేని ఒకరికి కూడా ఇవ్వండి. వారు ఎక్కడ ఆగిపోయారో గమనించండి. తర్వాత చేయవలసిన పని అక్కడే మొదలవుతుంది.