సుషీ ముద్దలో ఒక చిక్కు ప్రశ్న



“చేతులు కడుక్కొని కూర్చో”, “విస్తట్లో మెతుకు వదలకు”, “పెద్దవాళ్ళు లేవకముందే లేవకు” — భోజనాల దగ్గర ఇలాంటి మాటలు మీరు ఎన్నిసార్లు విన్నారో లెక్కలేదు. ప్రతి దేశానికీ తనదైన భోజన మర్యాద ఉంటుంది. పైకి అవి ఉత్త ఆచారాలలాగా కనిపిస్తాయి. కాస్త ఆగి ఆలోచిస్తే చాలావాటి వెనుక ఒక కారణం ఉంటుంది. ఈసారి మనం జపాన్ దేశస్థుల పంక్తిలో కూర్చుందాం. వారి పేరుపొందిన వంటకం సుషీ. దానిని ఎలా తినాలో తెలుసుకుంటూ, చివరకు డాక్టర్లు కూడా అరుదుగా చూసే ఒక వింత ఇబ్బందిని పరిశీలిద్దాం.

సుషీ అంటే ఏమిటి?

సుషీ అంటే పచ్చి చేప అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సుషీకి ప్రాణం అన్నమే. వెనిగరు, ఉప్పు, చక్కెర కలిపిన అన్నానికి చేపముక్కనో, గుడ్డునో, కూరగాయనో జతచేస్తే సుషీ అవుతుంది. చేప లేని సుషీలు ఎన్నో ఉన్నాయి.

మొదట్లో సుషీ ఒక నిలవ పదార్థం. ఉప్పు పట్టించిన చేపను అన్నంలో కూరి నెలల తరబడి ఉంచేవారు. అన్నంలో లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియా పెరిగి, ఆ పులుపు చేపను కుళ్ళిపోకుండా కాపాడేది. మన ఇడ్లీ పిండిని పులియబెట్టేదీ ఇలాంటి బాక్టీరియాయే. జపాన్‌లోని బివా సరస్సు ప్రాంతంలో ఈ పాత పద్ధతి సుషీని నేటికీ చేస్తున్నారు. తరువాత కాలంలో జనానికి అంత ఓపిక లేకపోయింది. పులిసేదాకా ఆగకుండా అన్నంలో నేరుగా వెనిగరు కలపసాగారు. 19వ శతాబ్దం తొలి భాగంలో ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, అన్నాన్ని చేత్తో చిన్న ముద్దగా నొక్కి పైన చేపముక్క పెట్టి అప్పటికప్పుడు అందించే పద్ధతి వచ్చింది. దీనినే ‘నిగిరి’ అంటారు. దీనికి పేరు తెచ్చినవాడు హనాయా యోహేయి (1799–1858) అని చెబుతారు.

పచ్చి చేప అనగానే ఒక హెచ్చరిక చెప్పాలి. కొన్ని సముద్రపు చేపలలో అనిసాకిస్ అనే సన్నని పురుగులు ఉంటాయి. మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ చలిలో 24 గంటలు గడ్డకట్టిస్తే ఆ పురుగులు చస్తాయని జపాన్ ఆరోగ్య శాఖ చెబుతుంది. బజారులో దొరికే చేపను ఇంట్లో పచ్చిగా తినే ప్రయత్నం మీరు ఎన్నడూ చేయకండి.

పంక్తి మర్యాదలు

సుషీ కొట్టులో కూర్చోగానే తడి తువాలు ఒకటి ఇస్తారు. దానితో చేతులు తుడుచుకోవాలి, ముఖం తుడుచుకోకూడదు. తినబోయే ముందు “ఇతదకిమసు” అంటారు. “వినయంతో స్వీకరిస్తున్నాను” అని దాని భావం. తిన్న తరువాత “గొచిసోసమ” అని కృతజ్ఞత చెబుతారు.

జపాన్‌వారు రెండు పుల్లలతో తింటారని మీకు తెలుసు. కాని నిగిరి సుషీని చేత్తో తినడం తప్పు కాదు! ఇది విని మనం సంతోషించవచ్చు. ముద్దను కాస్త పక్కకు వంచి, చేప ఉన్న వైపును సోయా సాసులో కొద్దిగా అద్దాలి. అన్నం వైపు అద్దకూడదు. ఎందుకు? మెతుకుల మధ్య ఉన్న సందులు సాసును జుర్రుకుంటాయి. అప్పుడు ముద్ద విడిపోతుంది, ఉప్పదనమూ ఎక్కువవుతుంది. ముద్దను ఒకేసారి నోట పెట్టుకోవాలి. చేతికి ఇవ్వగానే తినాలి. ఆలస్యం చేస్తే అన్నం గట్టిపడుతుంది. పక్కన పెట్టే పలచని అల్లం ముక్కలు ముద్దతో కలిపి తినడానికి కాదు. ఒక చేప రుచి నాలుక మీద నుంచి పోయి, తరువాతి చేప రుచి స్పష్టంగా తెలియడానికి మధ్యలో తినాలి.

రెండు పనులు మాత్రం ఎంతమాత్రం చేయకూడదు. పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చకూడదు. చనిపోయినవారికి అన్నం పెట్టేటప్పుడు అలా గుచ్చుతారు. ఒకరి పుల్లలనుంచి మరొకరి పుల్లలకు ఆహారం అందించకూడదు. దహనం తరువాత అస్థికలను బంధువులు అలా అందుకుంటారు.

ఇక ఆకుపచ్చని వసాబి ముద్ద సంగతి. అది నాలుకను మండించదు, ముక్కులోకి ఎక్కుతుంది. ఈ ఘాటు మనకు కొత్తదేమీ కాదు. కొత్త ఆవకాయ కలిపేటప్పుడు ముక్కు అదిరేది కూడా ఇదే రసాయనంవల్ల. దాని పేరు అల్లైల్ ఐసోథయోసయనేటు. వసాబి దుంపలోగాని, ఆవగింజలోగాని అది ముందే తయారుగా ఉండదు. నూరినప్పుడు, కణాలు పగిలి, ఒక ఎంజైము వేరొక పదార్థంతో కలిసి దానిని పుట్టిస్తుంది. ఎంజైము అనే ఈ మాటను గుర్తుంచుకోండి. మన కథకు అదే తాళంచెవి.

అతిథికి ఏమయింది?

ఒక ఇంట్లో విందు జరిగిందనుకోండి. అతిథి మర్యాదలన్నీ పాటించి కడుపునిండా సుషీ తిన్నాడు. గంటా రెండు గంటలలో కడుపు ఉబ్బింది, నొప్పి పుట్టింది, విరేచనాలు పట్టుకున్నాయి. వెంటనే అందరి చూపూ పచ్చి చేప మీదికి పోయింది. విందు ఇచ్చినవారు సిగ్గుతో తల వంచుకున్నారు. కాని అదే చేప తిన్న మిగిలినవారికి ఏమీ కాలేదు.

మరొకసారి ఆయన అన్నం లేకుండా ఉత్త చేపముక్కలే తిన్నాడు. ఏమీ కాలేదు! ఇంకొకసారి “చేపే వద్దు” అని, ఉడికించిన షిటాకే పుట్టగొడుగులు పెట్టి చుట్టిన శాకాహార సుషీ తిన్నాడు. మళ్ళీ కడుపునొప్పి. అంటే నేరం చేపది కాదన్నమాట. మరి ఎవరిది?

ఇది కల్పించి చెప్పిన కథే. కాని ఇలాంటి మనుషులు నిజంగా ఉన్నారు. 1971లో ఒక వైద్య పత్రికలో, పుట్టగొడుగులు తింటే సరిపడని ఒక రోగిని గురించి వ్యాసం వచ్చింది. ఆ రోగి ప్రేగులు ట్రెహలోజు అనే చక్కెరను జీర్ణం చేసుకోలేకపోతున్నాయని అందులో తేలింది.

ట్రెహలోజు అనే చక్కెర

ట్రెహలోజును 1832లో విగ్గర్స్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు రై ధాన్యానికి పట్టే ఒక బూజులో కనిపెట్టాడు. పుట్టగొడుగులలోను, రొట్టెలు పొంగించే ఈస్టులోను ఇది ఉంటుంది. మన రక్తంలో గ్లూకోజు తిరిగినట్లే, పురుగుల రక్తంలో ముఖ్యంగా ట్రెహలోజు తిరుగుతుంది. మిడత ఎగిరే శక్తికి ఇదొక ఆధారం. ఎండిపోయి, మళ్ళీ వాన పడగానే ప్రాణం పోసుకునే కొన్ని మొక్కలను కాపాడేది కూడా ఇదే.

చాలాకాలం ఇది ఎంతో ఖరీదైన పదార్థంగా ఉండేది. 1990ల నడుమ జపాన్‌లోని ఒకాయామా నగరంలో హయాషిబారా సంస్థవారు పిండిపదార్థం నుంచి ఎంజైముల సహాయంతో దీనిని చౌకగా తయారుచేసే మార్గం కనుగొన్నారు. ధర నూరవ వంతుకు పడిపోయింది. దానితో జపాన్‌లో ఎన్నో ఆహారాలలో దీని వాడకం మొదలైంది.

అన్నంలో దీనితో పని ఏమిటి? రాత్రి మిగిలిన అన్నం పొద్దుటికి బిరుసెక్కడం మీరు చూశారు కదా! ఉడికినప్పుడు విడిపోయిన పిండిపదార్థపు అణువులు చల్లారినకొద్దీ మళ్ళీ దగ్గరకు చేరి వరుసలు కడతాయి. అందుకే మెతుకు గట్టిపడుతుంది. ట్రెహలోజు ఈ పనిని మందగింపజేస్తుంది. కనుక పొట్లాలలో అమ్మే సుషీ అన్నంలో కొందరు దీనిని కలుపుతారు. అందరూ కలుపుతారని అనుకోకండి. ఎదుటే చేసి ఇచ్చే చోట దీని అవసరం తక్కువ.

ఇప్పుడు మన అతిథి చిక్కు విడిపోయింది. మొదటిసారి అన్నంలోనో, పుట్టగొడుగుల చుట్టలోనో ట్రెహలోజు ఉంది. రెండవసారి ఉత్త చేపలో లేదు. మూడవసారి మళ్ళీ పుట్టగొడుగులలో ఉంది.

కత్తెర లేకపోతే?

ట్రెహలోజు అణువులో రెండు గ్లూకోజు అణువులు జంటగా ఉంటాయి. మొలకెత్తిన గింజలలోని మాల్టోజులో కూడా రెండు గ్లూకోజులే ఉంటాయి. తేడా ముడిలో ఉంది. రెండు తాళ్ళను ఒక్కొక్క విధంగా ముడివేయవచ్చు కదా, అలాగే. మాల్టోజు ముడి విప్పే ఎంజైము ట్రెహలోజు ముడిని విప్పలేదు. దానికి ట్రెహలేజు అనే ప్రత్యేకమైన ఎంజైము కావాలి. అది మన చిన్నప్రేగు గోడలమీద ఉంటుంది. అది ముడి కత్తిరిస్తే గ్లూకోజు రక్తంలోకి పోతుంది. చాలామందిలో ఈ పని నిశ్శబ్దంగా జరిగిపోతుంది.

కొద్దిమందికి ఈ కత్తెర పుట్టుకతోనే కొరత. తెగని చక్కెర అలాగే పెద్దప్రేగులోకి జారుతుంది. అక్కడ రెండు పనులు జరుగుతాయి. ఒకటి, చక్కెర నీటిని తనవైపు లాక్కుంటుంది, అందువల్ల విరేచనాలు. రెండు, అక్కడి బాక్టీరియాలు దానిని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులను పుట్టిస్తాయి, అందువల్ల ఉబ్బరం, నొప్పి.

దీనిని కనిపెట్టే పరీక్ష కూడా ముచ్చటైనది. రోగికి కొలిచిన ట్రెహలోజు ద్రావణం తాగించి, అప్పుడప్పుడు అతని ఊపిరిలోని హైడ్రోజన్‌ను కొలుస్తారు. మన శరీర కణాలు హైడ్రోజన్ వాయువును తయారుచేయవు. ఊపిరిలో అది పెరిగిందంటే, ప్రేగులలోని బాక్టీరియాకు చక్కెర అందిందని అర్థం!

చాలా దేశాలలో ఈ కొరత బహు అరుదు. కాని 1988లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం గ్రీన్‌లాండ్ ప్రజలలో నూటికి సుమారు 8 మందిలో ఇది కనిపించింది.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. ఇది ఎలర్జీ కాదు. ఎలర్జీలో మన రక్షణ వ్యవస్థ ఆహారాన్ని శత్రువుగా పొరబడుతుంది. దద్దుర్లు, ఊపిరాడకపోవడం వంటివి రావచ్చు, ఒక్కొక్కసారి పిసరంత తిన్నా ప్రాణం మీదికి వస్తుంది. సరిపడకపోవడం అంటే జీర్ణించుకునే సాధనం చాలకపోవడం. బాధ ఉంటుంది, కాని సాధారణంగా ప్రాణాపాయం ఉండదు. ఎంత తిన్నామన్నదాన్ని బట్టి బాధ హెచ్చుతగ్గులుగా ఉంటుంది. రెండింటిలో ఏదో తేల్చవలసింది డాక్టరే. మనం ఊహించుకోకూడదు.

నేను చేసిన తప్పు

మన వైపు కూడా ఇలాంటిదొకటి ఉంది. పాలలోని లాక్టోజును విడగొట్టే ఎంజైము దక్షిణ భారతంలో చాలామందికి పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుంది.

చాలా ఏళ్ళ క్రితం నా తరగతిలో ఒక కుర్రవాడు వారానికి రెండు మూడు రోజులు మొదటి పీరియడులోనే కడుపు పట్టుకొని, “మాస్టారూ, బయటికి వెళ్ళొస్తానండీ” అనేవాడు. లెక్కల పరీక్ష తప్పించుకోవడానికి వేసే ఎత్తు అనుకొని నేను అందరి ముందూ కేకలు వేశాను. తరువాత వాళ్ళ అమ్మగారు వచ్చి చెప్పారు. ఇంట్లో పాడి ఉన్నందున బలమని చెప్పి పొద్దున్నే పెద్ద గ్లాసెడు పాలు బలవంతంగా తాగిస్తున్నారట. డాక్టరు సలహాతో పాలు మాని పెరుగు ఇవ్వసాగారు. పెరుగులో లాక్టోజు కొంత తగ్గిపోయి ఉంటుంది. నొప్పి పోయింది. సైన్సు చెప్పే నేను ఆ పిల్లవాడి మాట నమ్మకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ప్రయోగశాలలో కంటికి కనిపించినదానిని రాసుకోమని చెబుతాం. పిల్లవాడు చెప్పినది కూడా ఒక పరిశీలనే కదా!

మరి మర్యాద మాటేమిటి?

విందులో “నాకు ఇది సరిపడదు” అనడం అమర్యాద అవుతుందా? కాదు. వడ్డించిన తరువాత ముఖం చిట్లించడం అమర్యాద, ముందుగా చెప్పడం మర్యాద. జపాన్‌లో వంటవాడి ఇష్టానికే వదిలివేసి తినే ‘ఒమకసే’ అనే పద్ధతి ఉంది. అక్కడ కూడా తినకూడనివి ఏమైనా ఉంటే ముందుగానే చెప్పమంటారు. పొట్లం సుషీ అయితే పైన రాసి ఉన్న పదార్థాల పట్టిక చదువుకోవాలి. మనం కూడా, అతిథి వద్దంటే “ఇంకొక్కటి, మా మీద ఆన!” అని కొసరి కొసరి వడ్డించకుండా ఉండాలి. వద్దనడానికి కారణం ఆయన కడుపుకు మాత్రమే తెలిసి ఉండవచ్చు.

మీరే చేసి చూడండి

ఎంజైము పనిని మీ ఇంట్లోనే చూడవచ్చు. రెండు చిన్న గిన్నెలలో ఒక్కొక్క చెంచా ఆవపిండి వేయండి. ఒకదానిలో చల్లని నీళ్ళు కొద్దిగా కలపండి. రెండవదానిలో సలసల కాగే నీళ్ళు అమ్మచేతనో నాన్నచేతనో పోయించండి. పది నిమిషాలు ఆగి, గిన్నెలను దూరంగా ఉంచుకొని వాసన చూడండి. చల్లని నీళ్ళ గిన్నె ముక్కును అదరగొడుతుంది. వేడినీళ్ళ గిన్నెలో ఘాటు చాలా తక్కువ. ఎందుకు? కాగిన నీటికి ఎంజైము చెడిపోయింది. సామగ్రి అంతా ఉంది, కత్తెర మాత్రం లేదు. ట్రెహలోజు పడనివారి ప్రేగులో జరిగేది కూడా ఇంతే.