నేర్పా? పట్టుదలా?

పిల్లలూ, ముష్టియుద్ధంలో మనిషిని గెలిపించేది పుట్టుకతో వచ్చిన నేర్పా, పట్టుదలా? ఇది చదివి మీరే చెప్పండి.

అమెరికాలో జేమ్స్ బ్రాడాక్ అనే ముష్టియోధుడు ఉండేవాడు. కుడిచెయ్యి విరిగి, వరసగా ఓడిపోయి, అతను ఓడరేవులో కూలిపనికి దిగాడు. పిల్లల తిండికోసం ప్రభుత్వ సహాయం కూడా తీసుకున్నాడు. కుడిచెయ్యి బాగాలేక బరువులు ఎడమచేత్తో ఎత్తేవాడు. దాంతో ఆ చెయ్యి గట్టిపడింది! 1935లో అతను మాక్స్ బేర్ అంతటి బలశాలిని 15 రౌండ్ల పోటీలో ఓడించి, ప్రపంచ విజేత అయ్యాడు. సహాయంగా తీసుకున్న డబ్బు తిరిగి చెల్లించాడు.

1937లో జో లూయిస్‌తో తలపడ్డాడు. మొదటి రౌండులో లూయిస్‌ను పడగొట్టాడు కూడా. కాని లూయిస్‌కు నేర్పూ ఉంది, పట్టుదలా ఉంది. 8వ రౌండులో బ్రాడాక్ కూలిపోయాడు.

అయితే, పట్టుదలే లేకపోతే ఆ కూలివాడు మళ్ళీ బరిలోకి దిగేవాడేనా?